రామ్‌నగర్ రామలీల చూడాలంటే ఏం చేయాలి: కాశీ వెళ్ళే మనవాళ్ళ కోసం

ముందే చెప్పేస్తున్నాను, రామ్‌నగర్ రామలీల చూడాలనుకుంటే దసరా రోజు వెళ్ళకండి. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే. విజయదశమి, రావణ దహనం, ఇంతకంటే మంచి రోజు ఏముంటుందని మధ్యాహ్నం రెండింటికే వెళ్ళి నిలబడ్డాను. ముందు నిలబడ్డవాళ్ళ వీపులు, దుమ్ము, చివర్లో ఎక్కడో దూరంగా పెద్ద మంట, ఇవి తప్ప ఏమీ కనపడలేదు. ఒక్క మాట వినపడలేదు. రెండేళ్ళ తర్వాత నాన్నగారి పిండప్రదానానికి గయ వెళ్ళి, తిరుగుదారిలో కాశీలో నాలుగు రోజులు ఆగినప్పుడు, మహాలయ పక్షంలో ఒక మామూలు సాయంత్రం అక్కడికి వెళ్ళి నేలమీద కూర్చున్నాను. ఆ రాత్రి చూసిందే రామలీల. అప్పటి నుంచి కాశీ వెళ్తున్నామని ఎవరు చెప్పినా ఇదంతా చెబుతూనే ఉన్నాను, ఈసారి రాసి పెడుతున్నాను.

రామ్‌నగర్ అంటే గంగకి అవతలి ఒడ్డు. కాశీ ఘాట్లన్నీ పడమటి ఒడ్డున ఉంటే, తూర్పు ఒడ్డున కాశీ రాజుల కోట ఉన్న ఊరు ఇది. ఉత్తరాదిలో రామలీల ఆడని ఊరు ఉండదేమో, కానీ చాలాచోట్ల అది స్టేజీ కట్టి, మైకులు పెట్టి, రంగు లైట్లు వేసి పది రోజుల్లో ముగించే నాటకం. రామ్‌నగర్లో 31 రోజులు జరుగుతుంది. మైకు లేదు, కరెంటు లైటు లేదు, స్టేజీ కూడా లేదు. ఊరే రంగస్థలం. ఒకచోట అయోధ్య, ఇంకోచోట జనకపురి, మరోచోట చిత్రకూటం, పంచవటి, అశోకవనం, ఊరి చివర పెద్ద మైదానంలో లంక. ఇవన్నీ ఏడాది పొడుగునా అక్కడి జనం ఆ పేర్లతోనే పిలిచే చోట్లు. కథ కదిలినప్పుడల్లా పాత్రధారులు నడుస్తారు, వాళ్ళ వెనకే జనం నడుస్తారు. రాముడు అడవికి వెళ్ళే రోజు మీరూ ఆయన వెనక నడుస్తారు. అంతా ఒకచోట కూర్చుని చూద్దామనుకుని వెళ్తే అక్కడ కుదరదు.

ఎప్పుడు వెళ్ళాలి

లీల మొదలయ్యేది అనంత చతుర్దశి నాడు. అంటే మన దగ్గర హైదరాబాదులో వినాయక నిమజ్జనం జరిగే రోజే. భాద్రపద శుద్ధ చతుర్దశి నుంచి లెక్కపెట్టుకుంటే మహాలయ పక్షం మొత్తం, దేవీ నవరాత్రులు మొత్తం అందులోనే వస్తాయి. దశమి నాడు రావణ వధ అయ్యాక, భరతుణ్ణి కలుసుకోవడం, పట్టాభిషేకం వగైరా ఇంకా కొన్ని రోజులు నడుస్తాయి.

ఇక్కడ పంచాంగం దగ్గర ఒక చిక్కుంది, జాగ్రత్త. మనకి అమావాస్యతో నెల ముగుస్తుంది, వాళ్ళకి పౌర్ణమితో ముగుస్తుంది. మనం భాద్రపద బహుళం అనే పదిహేను రోజుల్నీ వాళ్ళు అప్పుడే ఆశ్వినం అనేస్తారు, అక్కడి మాటల్లో క్వార్ మాసం. ఫోన్లో ఎవరినైనా అడిగి తేదీ రాసుకునేటప్పుడు నెల పేరు పట్టుకోకండి, "పితృపక్షంలో ఎన్నో రోజు" అనో, "నవరాత్రిలో ఎన్నో రోజు" అనో అడగండి. అప్పుడు పొరపాటు పడరు.

మనవాళ్ళు ఎలాగూ మహాలయ పక్షంలో కాశీ, గయ వెళ్తూనే ఉంటారు. పొద్దున కర్మకాండ ముగించుకుని సాయంత్రం గదిలో కూర్చునేవాళ్ళని ఎంతమందినో చూశాను. గంగ దాటితే ఇంత పెద్ద సంప్రదాయం జరుగుతోందని వాళ్ళలో చాలామందికి తెలియదు. అదే నా బాధ. ఆ పక్షం రోజుల్లో లీల బాలకాండ, అయోధ్యకాండల్లో ఉంటుంది. దసరా రద్దీ ఇంకా మొదలవదు కాబట్టి ముందు వరసలకి దగ్గరగా కూర్చోవచ్చు.

ఏ రోజు బాగుంటుందంటే నా ఎంపిక చెబుతాను. సీతారాములు పూలతోటలో మొదటిసారి ఒకరినొకరు చూసుకునే రోజు. రెండోది గంగ దాటే రోజు, పడవవాడైన కేవట్, రాముడి కాళ్ళు కడగనిస్తేనే పడవ ఎక్కిస్తానని ఆయనతో పేచీ పెట్టుకునే ఘట్టం. అక్కడ పెద్ద యుద్ధాలూ లేవు, దిష్టిబొమ్మలూ లేవు, మాటలే. పక్కన కూర్చున్న ముసలాళ్ళు మాత్రం తుడుచుకోకుండా ఏడుస్తూ ఉంటారు. విల్లు విరిచే రోజు కూడా మొదటి వారంలోనే వస్తుంది కానీ ఆ రోజు జనం ఎక్కువ, పిల్లలతో వెళ్తే ఇబ్బంది పడతారు.

వెళ్ళే ముందు చదువుకోవాల్సింది

పాడేది అవధిలో, అంటే అయోధ్య ప్రాంతపు భాషలో. హిందీ బాగా వచ్చినవాళ్ళకి కూడా సగమే అందుతుంది. ఆ టెన్షన్ వద్దు, ఎందుకంటే కథ మనకి తెలుసు. అయితే మనకి తెలిసిన కథకీ తులసీదాసు చెప్పిన కథకీ కొన్నిచోట్ల తేడా ఉంది, అది తెలియకపోతే ఏం జరుగుతోందో అర్థం కాదు. ఆయన 1574లో అయోధ్యలో మొదలుపెట్టిన రామచరితమానస్ ఈ లీలకి ప్రాణం. వాల్మీకంలో పరశురాముడు పెళ్ళయ్యాక అయోధ్యకి వెళ్ళే దారిలో ఎదురవుతాడు. మానస్‌లో మాత్రం విల్లు విరిగిన వెంటనే జనకుడి సభలోకే వచ్చేస్తాడు, అక్కడ లక్ష్మణుడితో వాదన చాలాసేపు సాగుతుంది. పూలతోట ఘట్టం వాల్మీకంలో లేదు. రావణుడు ఎత్తుకుపోయేది నిజమైన సీతని కాదు, ఆమె నీడని, అసలు సీత అప్పటికే అగ్నిలోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఇలాంటివి.

గీతాప్రెస్ వాళ్ళు మానస్‌ని తెలుగులో కూడా వేశారు. ఆ పుస్తకం మోయనక్కర్లేదు, మీరు చూడబోయే ఘట్టం వరకు ముందు రోజు రాత్రి చదివితే చాలు. మొత్తం చదవడానికి టైము లేకపోతే ఆ రోజు ఘట్టం ఒక్కటైనా తప్పకుండా చదవండి, గట్టిగా చెబుతున్నాను. అది చదవకుండా వెళ్ళినవాళ్ళు అరగంటకి ఫోను తీస్తారు.

అక్కడికి చేరడం

కాశీలో ఆటో ఎక్కి "లంక వెళ్ళాలి, రామలీల చూడాలి" అన్నారనుకోండి, అతను నేరుగా బనారస్ హిందూ విశ్వవిద్యాలయం గేటు దగ్గర దింపుతాడు. ఆ పేటకి లంక అనే పేరు, అదీ రామలీల వల్లే వచ్చింది. అస్సీ దగ్గర జరిగే ఇంకో పాత రామలీలకి అది లంక. రామ్‌నగర్ లంక వేరు, నది అవతల ఉంది. కాబట్టి "రామ్‌నగర్ కోట" అని చెప్పండి. ఆ యూనివర్సిటీ గేటు నుంచి సామ్నేఘాట్ మీదుగా వంతెన దాటితే రామ్‌నగర్, షేర్ ఆటోలు తిరుగుతూ ఉంటాయి. పడవలో వెళ్దామని సరదా పడకండి. వానాకాలం చివర కాబట్టి నది నిండుగా ఉంటుంది, నీరు పెరిగితే పడవలు ఆపేస్తారు, చీకటి పడ్డాక తిరిగి రావడం అసలు కుదరదు.

కోట దగ్గర దిగి, "ఆజ్ లీలా కహా హై" (ఈరోజు లీల ఎక్కడ) అని ఎవరినైనా అడగండి. కూరలమ్మే ఆవిడ కూడా చెబుతుంది. సాయంత్రం ఐదు ప్రాంతంలో మొదలవుతుంది, నాలుగింటికల్లా అక్కడ ఉంటే మంచిది. ఆ రోజే దశాశ్వమేధ ఘాట్‌లో గంగా హారతి కూడా చూసేద్దామని ప్లాన్ వేసుకోకండి, రెండూ ఒకే వేళకి జరుగుతాయి. రెండు సాయంత్రాలు కేటాయించుకోండి.

తీసుకెళ్ళాల్సినవి: కింద పరుచుకోవడానికి ఒక పాత దుప్పటో ప్లాస్టిక్ పట్టానో (నేల తడిగా ఉంటుంది), మంచినీళ్ళు, దోమల క్రీము, చిన్న టార్చి, మెడలో ఒక తువ్వాలు. నడిచినప్పుడు జారిపోని చెప్పులు వేసుకోండి, వానపడితే బురద మామూలుగా ఉండదు. వాన వస్తే లీల ఆగుతుంది, తగ్గాక మొదలవుతుంది, వెంటనే లేచి వచ్చేయకండి.

మీరు దిగిన సత్రం గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారో బయల్దేరే ముందే అడిగి, ఆలస్యం అవుతుందని చెప్పి రండి. లీల తొమ్మిదికో పదికో అవుతుంది, తర్వాత ఆటో కోసం ఎదురుచూపులు. పెద్దవాళ్ళు వెంట ఉంటే రానూపోనూ ఒకే ఆటో మాట్లాడుకుంటే నయం.

కూర్చున్నాక

మీకు మొదట వినపడేది పాట. పన్నెండుమంది రామాయణీలు గుండ్రంగా కూర్చుని, ముందు మానస్ ప్రతులు పెట్టుకుని, మృదంగం, తాళాలతో దోహాలు, చౌపాయీలు అనే పద్యాలు పాడుతుంటారు. చుట్టూ జనంలో ఎంతోమంది ఒళ్ళో చిన్న పుస్తకం తెరిచి, టార్చి వెలుతురులో వేలు పెట్టి వాళ్ళతోపాటే చదువుతుంటారు. పాట ఒకచోట ఆగుతుంది. పక్కన సంభాషణల పుస్తకం పట్టుకుని నిలబడ్డ వ్యాస్‌జీ చెయ్యెత్తి "చుప్ రహో! సావధాన్!" అని అరుస్తాడు. అంతే, అంతవరకు సందడిగా ఉన్న వేలమంది ఒక్కసారి మౌనం. అప్పుడు పాత్రధారి ఒక్కో మాటనీ సాగదీసి, పైస్థాయిలో, దాదాపు పాడినట్టు పలుకుతాడు. మైకు లేకుండా చివరి వరస దాకా వినపడాలి కదా, అందుకే ఆ పద్ధతి. మొదటి పది నిమిషాలు వింతగా అనిపిస్తుంది. ఆగండి, చెవి అలవాటు పడుతుంది.

ఈ సంభాషణలు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ అనే కాశీ రాజు కాలంలో, అంటే 1835 తర్వాత, పండితులతో రాయించి కుదిర్చినవి. హిందీ సాహిత్యంలో పెద్ద పేరైన భారతేందు హరిశ్చంద్ర చెయ్యి కూడా అందులో ఉంది. అప్పటి మాటలే ఇప్పటికీ పలుకుతున్నారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేస్తారు, కొన్ని వేషాలు ఒకే కుటుంబంలో తరం నుంచి తరానికి వస్తాయి.

రాముడు, ముగ్గురు తమ్ముళ్ళు, సీత, ఈ ఐదుగురిని స్వరూపాలు అంటారు. గొంతు ఇంకా మారని చిన్న బ్రాహ్మణ పిల్లలు వాళ్ళు. రాజుగారే ఎంపిక చేస్తారు, ముందు నుంచే ఇంటికి దూరంగా ఉంచి శిక్షణ ఇస్తారు. కిరీటం పెట్టాక వాళ్ళు పిల్లలు కారు, దేవుళ్ళు. ఇది మనకి కొత్త సంగతేమీ కాదు. భద్రాచలంలో శ్రీరామనవమికి జరిగేదాన్ని ఎవరైనా నాటకం అంటారా? ప్రతి ఏడూ అది పెళ్ళే, ముత్యాల తలంబ్రాలు పట్టుకెళ్ళేది పెళ్ళికే. రామ్‌నగర్లోనూ అంతే, వాళ్ళ దృష్టిలో ఇది లీల, ప్రదర్శన కాదు. అందుకని చప్పట్లు కొట్టకండి. ఎవరూ కొట్టరు. ఒక ఘట్టం పూర్తయితే "బోల్ రాజా రామచంద్ర కీ జై" అంటారు, మీరూ గొంతు కలపండి.

ఫోటోలు తీయనివ్వరు. ఫోను జేబులో పెట్టేయండి. దొంగతనంగా తీద్దామని కూడా చూడొద్దు, ఆ చీకట్లో ఫోను తెర వెలుగు చుట్టూ పాతికమందికి అడ్డం వస్తుంది. వెలుతురంతా కాగడాలది, పెట్రోమాక్స్ లైట్లది. మన చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన మోసేవాళ్ళే, ఆ లైట్లు. వాటి వెలుగులో ఆ పిల్లల ముఖాల మీది చందనం, చమ్కీలు మెరుస్తుంటే, అది ఫోను కెమెరాలో ఎలాగూ పడదు.

వెనకవైపు ఏనుగు మీద, కొన్నిరోజులు గుర్రబ్బగ్గీలో, కాశీ రాజుగారు ఉంటారు. రాజ్యాలు పోయినా అక్కడివాళ్ళకి ఆయన ఇప్పటికీ రాజే, శివుడి ప్రతినిధి. ఆయన వస్తుంటే జనం "హర హర మహాదేవ" అంటారు. రాముడికొక జేకారం, రాజుకొక జేకారం, కలిపేసుకోకండి. పొద్దు గుంకే వేళ ఆయన సంధ్యావందనానికి వెళ్తే లీల దాదాపు గంటసేపు ఆగుతుంది. కొత్తవాళ్ళు అయిపోయిందనుకుని లేచి వెళ్ళిపోయేది ఇక్కడే. అయిపోలేదు. అది తినడానికి, కాళ్ళు చాచుకోవడానికి ఇచ్చిన టైము. చుట్టూ తిరునాళ్ళలాగా బండ్లు ఉంటాయి, టీలు, సమోసాలు, పిల్లల బొమ్మలు. రామ్‌నగర్ లస్సీకి మంచి పేరుంది, మట్టి ముంతలో మీగడ వేసి ఇస్తారు, తాగితే ఇక రాత్రి భోజనం అక్కర్లేదు. (ఆ ఊరి గుండ్రటి పెద్ద వంకాయకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది లస్సీతో సంబంధం లేని మాటే కానీ, వంకాయ ప్రాణంగా బతికే మనవాళ్ళకి చెప్పకుండా ఉండలేను.)

ఇప్పుడు నేమీల గురించి. నేమం అంటే నియమమే. నెల రోజులూ ఒక్క రోజు కూడా తప్పకుండా వచ్చేవాళ్ళు నేమీలు. స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, నుదుట చందనం, చెవిలో అత్తరు దూది, చేతిలో కర్ర, సంచిలో మానస్ గుటకా, అంటే అరచేతిలో పట్టే చిన్న ప్రతి. వాళ్ళ పక్కన చోటు దొరికితే వదులుకోకండి. నా పక్కన కూర్చున్న పెద్దాయన నాకు అవధి రాదని గమనించి, నేను అడగకుండానే తన గుటకాని ఇద్దరికీ మధ్యలో పెట్టి, పాడుతున్న లైను మీద వేలు జరుపుతూ వచ్చారు. దేవనాగరి కూడబలుక్కుని చదివేవాణ్ణి కాబట్టి ఆ వేలిని పట్టుకుని వెళ్ళాను. గోరు కింద సన్నగా పసుపు గీత. కాగితం అంచులు నూనె పట్టి మెత్తబడిపోయి, పుస్తకం గుడ్డలాగా వంగుతోంది. కేవట్ కాళ్ళు కడిగే చోట ఆయన వేలు ఆగిపోయింది, పాట ముందుకు వెళ్ళిపోయింది. నేను తల తిప్పి చూడలేదు.

హారతి ముందు మాత్రం కదలొద్దు. ప్రతి రాత్రీ చివర స్వరూపాలని కూర్చోబెట్టి హారతి ఇస్తారు, అప్పుడు మహతాబీ వెలిగిస్తారు. మన దీపావళి మతాబు అదే మాట, అదే వస్తువు. గంటల తరబడి మసక వెలుతురులో కళ్ళు అలవాటు పడిపోయి ఉంటాయా, ఒక్కసారి తెల్లటి వెలుగు భగ్గుమని లేచి, ఐదు ముఖాలూ కదలకుండా కనిపిస్తాయి. జనం అందరూ చేతులు జోడించి లేచి నిలబడతారు. ఒక నిమిషం ఉంటుందేమో, మళ్ళీ చీకటి. ఆటో దొరకదని ఐదు నిమిషాలు ముందు బయల్దేరినవాళ్ళు పోగొట్టుకునేది ఇదే.

ఇంకొన్ని రోజులు ఉండగలిగితే

దశమి మర్నాడు ఏకాదశి. ఆ రోజు సాయంత్రం నది ఇవతల, కాశీలోనే నాటీ ఇమ్లీ అనే మైదానంలో ఇంకో పాత రామలీల వాళ్ళ భరత్ మిలాప్, అంటే రాముడు భరతుణ్ణి కలుసుకునే ఘట్టం, జరుగుతుంది. నాలుగు నలభై ప్రాంతంలో వాలే ఎండ ఒక కోణంలో పడినప్పుడు అన్నదమ్ములు పరిగెత్తి కౌగిలించుకుంటారు, తర్వాత ఎర్ర తలపాగాల యాదవులు పుష్పక విమానాన్ని భుజాల మీద ఎత్తుకుంటారు. కొద్ది నిమిషాల పనే, కానీ జనం లక్షల్లో ఉంటారు, మధ్యాహ్నానికే వెళ్ళాలి, చిన్నపిల్లలతో మాత్రం వద్దు. రామ్‌నగర్లో భరత్ మిలాప్ అదే రోజు రాత్రి. ఓపిక ఉంటే రెండూ చూడొచ్చు, రాజుగారూ అలాగే రెండుచోట్లకీ వెళ్తారు. దసరా రోజు అంటారా, తప్పదనుకుంటే రావణ దహనం కోసం కాకుండా, మధ్యాహ్నం కోటలో ఆయుధపూజ అయ్యాక రాజుగారు ఏనుగుల మీద లంకకి బయల్దేరే ఊరేగింపు చూడండి. రావణుడు చచ్చేదాకా ఆయన అక్కడ ఉండరు, ఒక రాజు చావుని ఇంకో రాజు చూడకూడదని అక్కడివాళ్ళ నమ్మకం.

పట్టాభిషేకం రాత్రి గడిచాక తెల్లవారుజామున ఇచ్చే హారతిని భోర్ కీ ఆరతి అంటారు. దానికి కూడా విపరీతమైన జనమే, అయినా ఈ ఒక్కదానికి మాత్రం రద్దీని లెక్కచేయకండి అంటాను. రాత్రంతా మేలుకుని ఉన్న ఊరికి సూర్యుడు వచ్చే వేళ అది. ఆ తర్వాత చివరి రోజు స్వరూపాలని కోటలోకి తీసుకెళ్ళి, రాజుగారే కాళ్ళు కడిగి, భోజనం పెట్టి సాగనంపుతారు. 2008లో యునెస్కో తన జాబితాలో రామలీలని చేర్చింది. ఆ పేరు విని వచ్చేవాళ్ళు ఎక్కువగా దసరాకే వస్తారు, ఈ చివరి రోజులని వదిలేసి వెళ్ళిపోతారు.

ఇంకొక్క సంగతి. రాత్రి హారతి అయ్యాక, ఆటో ఎక్కే ముందు, పక్కన కూర్చున్నవాళ్ళని "కల్ లీలా కహా హోగీ" (రేపు లీల ఎక్కడ) అని అడిగి ఆ చోటు పేరు తెలుగులో రాసుకోండి. రోజుకో చోట కాబట్టి నిన్నటి చోటికే వెళ్తే ఖాళీ మైదానం కనిపిస్తుంది. నేనలా అడిగినప్పుడు ఆ పెద్దాయన చోటు పేరు చెప్పి, చెట్టు గుర్తు చెప్పి, ఇంకో ప్రశ్న వేశారు: "ఆవోగే?" వస్తావా అని. మర్నాడు నాలుగింటికి వెళ్ళేసరికి తన తువ్వాలు పరిచి నాకు చోటు ఆపి ఉంచారు.